గాయం ఇంటిలో, వైద్యుడు పట్నంలో

శస్త్రచికిత్స గది తలుపు తెరుచుకొని వైద్యుడు బయటకు రాగానే బంధువులు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆపరేషన్ మంచిగ అయ్యిందా సార్?" అయినదని ఆయన తల ఊపితే అందరి గుండె కుదుటపడుతుంది. గండం గడిచినదని ఊరికి ఫోను చేసి చెప్పుతారు. కత్తి పడిన గంటే ప్రమాదకరమైనదనీ, ఆ గంట దాటితే మిగిలినది విశ్రాంతి మాత్రమేననీ సామాన్యంగా అందరికీ ఉండే అభిప్రాయం.

లెక్కలు మరొక విధంగా చెప్పుతున్నవి. గుండె ఆపరేషన్లు కాక ఇతర శస్త్రచికిత్సలు చేయించుకొన్న 40,004 మందిని 14 దేశాలలోని 28 ఆసుపత్రులలో వైద్యులు ముప్ఫై రోజులపాటు గమనించినారు. వీరందరూ 45 ఏండ్లు, అంతకు పైబడినవారు. ఫలితాలు 2019లో ప్రకటితమైనవి. ఆ ముప్ఫై రోజులలో మరణించినవారు 715 మంది. ఇందులో శస్త్రచికిత్స బల్లమీద ప్రాణం విడిచినవారు ఐదుగురు మాత్రమే. ఆపరేషన్ ముగిసిన తరువాత ఆసుపత్రి పడకమీద పోయినవారు 500 మంది. మిగిలిన 210 మంది ఆసుపత్రినుండి విడుదలయి వెళ్ళిన తరువాత చనిపోయినవారు. అంటే ప్రతి పది మరణాలలోను దాదాపు మూడు, "ఇక ఇంటికి పోవచ్చును" అని వైద్యుడు చెప్పిన తరువాత జరిగినవే.

అట్లయితే రోగిని ముప్ఫై రోజులూ ఆసుపత్రిలోనే ఉంచుకొనరాదా అని విద్యార్థి ఎవరైనా అడగవచ్చును. పడకల కొరత ఒక్కటే దీనికి అడ్డు కాదు. ఆసుపత్రిలో మొండి సూక్ష్మజీవులు ఎక్కువ. పడకమీదనే పడి ఉన్నవాని కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టుతుంది. ఇంటి తిండి తిని, నాలుగు అడుగులు వేసేవాడు త్వరగా కోలుకొంటాడు. కనుక త్వరగా పంపటమే మంచి వైద్యం. చిక్కంతా పంపిన తరువాత వస్తుంది. ఆసుపత్రిలో నాలుగు గంటలకు ఒకసారి నాడి, జ్వరం, రక్తపోటు చూసే నర్సు ఉంటుంది. ఇంటిలో ఆ పని చేసేవారు ఉండరు. వారం తరువాత కుట్లు విప్పించుకొనటానికి రమ్మని చెప్పిన తేదీవరకు ఆ గాయం ఎవరి చూపులోనూ ఉండదు.

ఈ ఖాళీని పూరించటానికే, టెలిమెడిసిన్ అని వ్యవహరించే దూరవైద్యాన్ని రోగి ఇంటిదాకా తీసుకొనిపోవాలన్న ప్రయత్నం అనేక దేశాలలో జరుగుతున్నది. నిజామాబాదు, బోధన్ ప్రాంతానికి ఈ విషయం ఎట్లా వర్తిస్తుందో చూడటం ఇచ్చట ఉద్దేశం.

బోధన్ దారి

నిజామాబాదు పట్టణంలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉన్నది. 2013లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమయినది. బోధన్ అక్కడికి పడమరగా సుమారు 25 కిలోమీటర్లు. బోధన్ దాటి ఇంకా పోతే సాలూర, మంజీరా నది, ఆ అవతల మహారాష్ట్రం. ఇటు రెంజల్, కందకుర్తి, అటు కోటగిరి, వర్ని, రుద్రూరు. మంజీరాపై 1923 నుండి 1931 వరకు కట్టిన నిజాంసాగర్ నీటితో ఈ నేల చెరకు పండించినది. ఆ చెరకు కొరకు 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమయినది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడిన తరువాత చాలామంది రైతులు వరికి, సోయాకు మళ్ళినారు. ఐనా ఈ పల్లెల శ్రమ మాత్రం తేలికపడలేదు. మూటలు ఎత్తటం, గట్టుమీద వంగి పనిచేయటం, చెరకు ఉన్నచోట నవంబరు నుండి మార్చి వరకు నరుకుడు. పొట్టకు ఆపరేషన్ అయిన మనిషి వీటిలో ఏది ముందుగా మొదలుపెట్టినా కుట్ల మీదనే భారం పడుతుంది.

ఇరవై ఐదు కిలోమీటర్లు పెద్ద దూరం కాదు అనిపించవచ్చును. కాని పొట్టమీద కుట్లున్న మనిషిని పల్లెనుండి ఆటోలో బోధన్‌కు, అక్కడినుండి బస్సులో నిజామాబాదుకు తీసుకొనిపోవాలి. ఆసుపత్రిలో వరుసలో నిలబెట్టి, సాయంత్రానికి తిరిగి తేవాలి. రోగికి తోడు ఇంకొకరి కూలి కూడా పోతుంది. అందువలన గాయం కొద్దిగా ఎర్రబడితే ఇంటివారు "రేపు చూద్దాం" అంటారు. మరునాడు కూడా అదే మాట. మూడవనాటికి ఊరి ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూదిమందు. చీము నిజంగా పట్టి ఉంటే ఆ ఒక్క మందుతో జ్వరం తగ్గినట్లు కనిపించి, లోపల గడ్డ అట్లాగే పెరగవచ్చును. వైద్యుని వద్దకు చేరేసరికి కుట్లు రెండు విప్పి చీము వదిలితే తీరిపోయే పని మళ్ళీ మత్తుమందు ఇచ్చి కోయవలసిన పనిగా మారుతుంది. దీనికి మరొక వైపు కూడా ఉన్నది. ఏమీ లేని ఎరుపుకు భయపడి ప్రయాణం పెట్టుకొని, "బాగానే ఉన్నది పో" అనిపించుకొని, కూలి, ఛార్జీలు పోగొట్టుకొనే కుటుంబాలు కూడా తక్కువ కాదు.

గాయం మానే తీరు

ఏ ఎరుపుకు భయపడాలి, దేనికి భయపడకూడదు? ఇది తెలియాలంటే గాయం ఎట్లా మానుతుందో తెలియాలి.

చర్మం తెగిన కొద్ది నిమిషాలలోనే రక్తం గడ్డకట్టి అంచులను అతికిస్తుంది. వెంటనే ఆ చోటికి రక్తనాళాలు వ్యాకోచించి తెల్లరక్తకణాలను పంపుతవి. ఎరుపు, వాపు, వెచ్చదనం, నొప్పి అనే నాలుగు లక్షణాలు దీనివలననే కలుగుతవి. మొదటి రెండు మూడు రోజులు ఇవి ఉండటం సహజం. కొద్దిపాటి జ్వరం కూడా మొదటి 48 గంటలలో చాలామందికి వస్తుంది, అది సూక్ష్మజీవుల పని కానక్కరలేదు. తరువాత ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొల్లాజెన్ అనే పోగులను అల్లటం మొదలుపెడుతవి. ఈ అల్లిక నిదానమైన పని. మొదటి వారం చివర గాయానికి ఉండే బలం మామూలు చర్మపు బలంలో పదోవంతు కూడా ఉండదు. మూడు వారాలకు సుమారు 20 నుండి 30 శాతం, మూడు నెలలకు సుమారు 80 శాతం. నూరు శాతానికి ఎన్నటికీ రాదు. పైకి గీతలా చక్కగా మూసుకొన్న గాయాన్ని చూసి పదవ రోజున బియ్యపు మూట ఎత్తేవానికి ఈ సంఖ్యలు చెప్పవలెను.

ఇప్పుడు సూక్ష్మజీవులు ప్రవేశించినవనుకొందాము. అవి పెరిగి బయటపడటానికి కొన్ని రోజులు పట్టుతుంది. సాధారణంగా ఐదవ రోజుకూ పదవ రోజుకూ మధ్య అవి బయటపడుతవి. తగ్గవలసిన ఎరుపు పెరగటం మొదలవుతుంది. నొప్పి కూడా అంతే. మొదటి రోజుకన్నా మూడవ రోజు, మూడవ రోజుకన్నా ఐదవ రోజు తక్కువ కావలసినది తిరగబడుతుంది. కట్టు తడుస్తుంది, జ్వరం మళ్ళీ వస్తుంది. అందుచేత గాయం ఈ రోజు ఎట్లా ఉన్నదనేది సగం సమాచారమే. నిన్నటికన్నా ఎట్లా ఉన్నదనేది మిగిలిన సగం. సరిగ్గా ఈ కాలంలోనే రోగి ఇంటిలో ఉంటాడు. వారానికి ఒకసారి ఆసుపత్రికి వచ్చినవానిలో వైద్యుడు చూడగలిగేది ఒక్క బిందువును. ప్రతిరోజూ పంపిన ఛాయాచిత్రాలలో ఒక గీతను చూడగలడు. గ్రాఫు గీసిన విద్యార్థికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

ఇది ఎంతమందికి వచ్చే బాధ? జీర్ణకోశానికి సంబంధించిన ఆపరేషన్లు అయిన 12,539 మందిని 66 దేశాలలో పరిశీలించిన ఫలితాలు 2018లో వెలువడినవి. ముప్ఫై రోజులలో నూటికి 12 మందికి పైగా గాయం చీముపట్టినది. సంపన్న దేశాలలో ఇది నూటికి 9.4, మధ్యస్థాయి దేశాలలో 14.0, బీద దేశాలలో 23.2. చక్కెరవ్యాధి ఉన్నవారిలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. రక్తంలో గ్లూకోజు పెరిగితే తెల్లరక్తకణాల చురుకు తగ్గుతుంది, కొల్లాజెన్ అల్లిక మందగిస్తుంది. చక్కెర పండించిన నేలలో చక్కెరవ్యాధి మాట ఎత్తటం వింతగా ఉన్నా, ఇంటికి పంపే రోగి చేతిలో గ్లూకోమీటరు కూడా ఉండాలని అనటానికి కారణం ఇదే.

తీగమీద గుండె చప్పుడు

రోగి ఒకచోట, పరీక్షించేవాడు మరొకచోట ఉండటం కొత్త సంగతి కాదు. హాలెండు దేశపు లైడెన్ నగరంలో విల్లెం ఐంథోవెన్ అనే శాస్త్రజ్ఞుడు గుండెలో పుట్టే విద్యుత్తును గీతగా గీసే గాల్వనోమీటరును తయారుచేసినాడు. ఆ యంత్రం గదిని నింపేటంత పెద్దది. దానిని ఆసుపత్రికి మోయటం అసాధ్యం. రోగులను ప్రయోగశాలకు తేవటం కూడా కష్టమే. అందుచేత 1905లో ఆయన ఆసుపత్రినుండి ప్రయోగశాలకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరం టెలిఫోను తీగలు ఉపయోగించి, రోగి గుండె విద్యుత్తును ఆ తీగలమీదనే రప్పించుకొన్నాడు. రోగి కదలలేదు, యంత్రం కదలలేదు. సంకేతం మాత్రం ప్రయాణం చేసినది. నేటికీ దూరవైద్యంలో జరిగేది ఇదే. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానం లభించినది.

మన ప్రాంతాల విషయానికి వస్తే, చిత్తూరు జిల్లా అరగొండ అనే పల్లెలోని అపోలో ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా పట్టణ వైద్యులతో కలిపిన ఏర్పాటును 2000 మార్చి 24న నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించినాడు. ఆనాడు దానికి పెద్ద డిష్ ఆంటెన్నా, ప్రత్యేకమైన గది, సాంకేతికుడు కావలసివచ్చినవి. నేడు ఆ సామగ్రి పనిలో చాలా భాగం చొక్కా జేబులోని సెల్‌ఫోను చేస్తున్నది.

నిజామాబాదుకు ఇంకా దగ్గరి ఉదాహరణ గోదావరి అవతల ఉన్నది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996లో నాటి ఆదిలాబాదు జిల్లా ముథోలులో గ్రామీణ నేత్ర చికిత్సాలయం నెలకొల్పినది. దానికి అనుబంధంగా పల్లెలలో చిన్న దృష్టికేంద్రాలు వెలసినవి. అక్కడ ఉండేది వైద్యుడు కాదు, శిక్షణ పొందిన సాంకేతికుడు. కన్నును యంత్రంతో చూసి, అవసరమైనప్పుడు బొమ్మను దూరాన ఉన్న వైద్యునికి పంపే పద్ధతి తరువాత ఈ సంస్థలో పెరిగినది. శుక్లం తీయించుకొన్న వృద్ధురాలికి ప్రతి పరీక్షకూ పెద్ద ప్రయాణం తప్పితే అంతకన్న కావలసినది ఏమున్నది? ఐతే కన్ను విషయంలో ఒక సౌకర్యం ఉన్నది. అక్కడ రోగలక్షణాలు చాలావరకు కంటికి కనిపించేవే. పొట్టమీది గాయానికి ఆ అదృష్టం సగమే.

ఏది పంపవచ్చు, ఏది పంపరాదు

ఛాయాచిత్రం బరువు ఎంత? పన్నెండు మెగాపిక్సెల్ కెమేరా తీసిన బొమ్మలో 1 కోటి 20 లక్షల చుక్కలుంటవి. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బైట్లు. అంటే 3 కోట్ల 60 లక్షల బైట్లు. ఫోను దీనిని కుదించి 30 లక్షల బైట్లుగా చేసినదనుకొంటే, సెకనుకు 10 లక్షల బిట్లు పోయే నెమ్మది సంబంధంలో కూడా అది 24 సెకన్లలో చేరుతుంది. పల్లెలో సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు ముఖాముఖి వీడియో మాటిమాటికీ తెగిపోతుంది. ఛాయాచిత్రం మాత్రం ఆగి ఆగి అయినా చేరుతుంది. వైద్యుడు శస్త్రచికిత్సలు ముగించుకొని సాయంత్రం తీరికగా చూడవచ్చును. గాయాల విషయంలో ఈ "నిలవచేసి పంపే" పద్ధతి వీడియోకంటె ఎక్కువ ఉపయోగకరమని చెప్పటం తప్పు కాదు. వీడియోకు ఆర్భాటం ఎక్కువ.

ఉష్ణోగ్రతకు థర్మామీటరు, రక్తపోటుకు యంత్రం, నాడికి, రక్తంలోని ఆక్సిజనుకు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు. చివరిది 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ పుణ్యమా అని పల్లెలకు కూడా తెలిసివచ్చినది. దాని సూత్రాన్ని జపాను దేశపు తకువో అవోయాగి 1970 దశకం తొలినాళ్ళలో కనుగొన్నాడు. ఆక్సిజనుతో కూడిన హిమోగ్లోబిను పరారుణ కాంతిని ఎక్కువగా, ఎర్రని కాంతిని తక్కువగా పీల్చుకొంటుంది. ఆక్సిజను లేనిది అందుకు విరుద్ధం. 660, 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలు గల రెండు దీపాలు వేలిగుండా ప్రసరిస్తే, అవతలివైపు చేరిన కాంతుల నిష్పత్తినిబట్టి ఆక్సిజను శాతం తెలుస్తుంది. చర్మం, ఎముక కూడా కాంతిని పీల్చుకొంటవి కదా అనే సందేహం రావచ్చును. అవి పీల్చేది ఎప్పుడూ ఒకే పరిమాణం. నాడితోపాటు పెరిగి తగ్గేది ధమని రక్తం ఒక్కటే. ఆ కొట్టుకొనే భాగాన్ని మాత్రమే వేరుచేసి లెక్కించటం అవోయాగి తెలివి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నల్లని చర్మంపై ఈ పరికరం కొన్నిసార్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుందని అమెరికాలో 2020లో ప్రకటించిన పరిశీలన బయటపెట్టినది. పరికరం బాగానే ఉన్నదన్నప్పటికీ రక్తపరీక్షలో ఆక్సిజను తక్కువని తేలినవారు తెల్లవారిలో నూటికి 3.6 అయితే, నల్లవారిలో 11.7. గాయపు ఎరుపు విషయంలోను ఇదే ఇబ్బంది. పాఠ్యగ్రంథాల బొమ్మలు తెల్లని చర్మంపై తీసినవి; ఎండలో పనిచేసిన నల్లని చర్మంపై ఎరుపు ఊదారంగుగానో, ఒక్కోసారి నలుపు మెరుపుగానో మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి "ఎర్రగా ఉన్నదా?" అనే ప్రశ్న చాలదు. చుట్టూ ఉన్న చర్మంకన్నా వెచ్చగా ఉన్నదా, గట్టిపడినదా, నొక్కితే నొప్పి పెరిగినదా అని ఇంటివారి చేతిని అడగవలెను.

ఎందుకంటే ఫోను నొక్కి చూడలేదు. వాసన చూడలేదు. పొట్టలోపల గడ్డకట్టిన చీము పై చర్మాన్ని చాలా రోజులు మామూలుగానే ఉంచవచ్చును. ఆకలి లేకపోవటం, పొట్ట ఉబ్బటం, గాలి పోకపోవటం, వాంతి వంటివి బొమ్మలో పడవు, మాటలలో పడుతవి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టితే అది సిరలో గడ్డ కావచ్చును. హఠాత్తుగా ఆయాసం వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చును. అటువంటప్పుడు ఛాయాచిత్రాలతో కాలయాపన పనికిరాదు. 108కి ఫోను చేయవలసినదే.

పదిహేడుగురి లెక్క

బొమ్మ చూసి చెప్పే మాట ఎంతవరకు నమ్మదగినది? దీనిని ఒక ఊహాలెక్కతో అర్థం చేసుకొనవచ్చును. నూరుమంది రోగులలో పదిమందికి చీము పట్టినదనుకొందాము. బొమ్మ చూసే వైద్యుడు ఆ పదిలో ఎనిమిదింటిని పట్టుకొంటాడనీ, మంచి గాయాలు గల తొంభైమందిలో పదోవంతును, అనగా తొమ్మిదిమందిని, పొరపాటున అనుమానిస్తాడనీ అనుకొందాము. ఆసుపత్రికి రమ్మని పిలిచేది 8, 9 కలిపి 17 మందిని. వచ్చినవారిలో సగానికి పైగా ఏ బాధా లేనివారే! ఐనా నూరు ప్రయాణాలకు బదులు పదిహేడు ప్రయాణాలు జరిగినవి. అసలు గుండెల్లో గుచ్చుకొనవలసినది ఆ తప్పిపోయిన ఇద్దరు. వారికి "బాగానే ఉన్నది" అన్న జవాబు పోయినది. జవాబు లేకపోతే వారు భయంతోనైనా వచ్చి ఉండేవారు. అందువలన ఒక్క బొమ్మతో తృప్తి పడక మరునాడు, ఆ మరునాడు మళ్ళీ పంపించుకొనటం, "బాగున్నదని చెప్పినా జ్వరం వస్తే బయలుదేరండి" అని తప్పక చెప్పటం ఈ పద్ధతికి ప్రాణం వంటివి.

నిజమైన పరీక్షలు ఏమి తేల్చినవి? స్కాట్లండులోని ఎడింబరో నగరంలో అత్యవసరంగా పొట్ట ఆపరేషన్ అయిన 492 మందిని రెండు భాగాలుగా చేసి, ఒక భాగంవారిచే ఫోనుద్వారా ప్రశ్నలకు జవాబులు, గాయపు బొమ్మలు తెప్పించినారు. 2021లో వెలువడిన ఫలితం మిశ్రమంగా ఉన్నది. చీము కనిపెట్టటానికి పట్టిన సగటు కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాని మొదటి ఏడు రోజులలోనే కనిపెట్టబడినవారు ఫోను వర్గంలో ఎక్కువ, వైద్యుని చుట్టూ తిరిగినవారు తక్కువ. కెనడాలో 2020లో ఎనిమిది ఆసుపత్రులనుండి 905 మందిని తీసుకొని, సగంమందికి టాబ్లెట్ కంప్యూటరు, రక్తపోటు, ఆక్సిజను, ఉష్ణోగ్రత, బరువు కొలిచే పరికరాలు ఇచ్చి ఇంటికి పంపినారు. నర్సులు ప్రతిదినం మాట్లాడినారు. ముప్ఫై ఒక్క రోజులలో ఇంటివద్ద బ్రతికి గడిపిన రోజుల సంఖ్యలో రెండు వర్గాలకూ తేడా దాదాపు లేదు. ఈ మాట దాచి చెప్పటం న్యాయం కాదు. ఐతే మందులు వాడటంలో తప్పులు దూరవైద్య వర్గంలో నూటికి 30 మందిలో పట్టుబడినవి. మామూలు వర్గంలో 6 మందిలో మాత్రమే. తప్పులు వారిలో మాత్రమే జరిగినవని దీని అర్థం కాదు, చూసేవారు ఉన్నచోట బయటపడినవని అర్థం. నొప్పితో బాధపడినవారు కూడా ఆ వర్గంలో తక్కువే. చీటీ చదవరాని ముసలిరైతు పొద్దుటి మాత్ర రాత్రి వేసుకొనే పల్లెలో, ఈ ఒక్క లాభం కోసమైనా ఫోను చేయటం దండుగ కాదు.

చట్టం, ఆర్.ఎం.పి., తల్లిగారిల్లు

మన దేశంలో దూరవైద్యానికి నియమావళి 2020 మార్చి 25న ప్రకటితమయినది. వీడియో, మాట, రాత అనే మూడు మార్గాలనూ అది అంగీకరించినది. స్వయంగా చూసిన వైద్యుడే అదే జబ్బుకు ఆరునెలలలోపు దూరంనుండి మళ్ళీ సలహా ఇస్తే దానిని తదుపరి సంప్రదింపుగా పరిగణిస్తారు. శస్త్రచికిత్స తరువాత సలహా సాధారణంగా ఈ కోవలోకే వస్తుంది. మొదటిసారి మాట్లాడే రోగికన్నా ఇటువంటివారికి వైద్యుడు వ్రాయగల మందులు కొన్ని ఎక్కువ. మత్తు కలిగించే మందులు మాత్రం దూరంనుండి వ్రాయరాదు. నియమావళిలో వైద్యుని పేర్కొనటానికి వాడిన ఆంగ్ల పొడి అక్షరాలు ఆర్.ఎం.పి. అక్కడ దాని అర్థం రిజిస్టరయిన వైద్యుడని. తెలంగాణా పల్లెలో అవే అక్షరాలకు అర్థం రిజిస్టరు కాని వైద్యుడు! పత్రం చదివి పల్లెకు పోయేవారు ఈ చిక్కును గుర్తుంచుకొనవలెను.

2019 నవంబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఇ-సంజీవని ద్వారా పల్లె ఆరోగ్యకేంద్రంలోని సిబ్బంది దూరాన ఉన్న వైద్యునితో రోగిని మాట్లాడించే ఏర్పాటు ఉన్నది. 2020 ఏప్రిల్‌లో రోగి ఇంటినుండే మాట్లాడే మార్గం కూడా తెరుచుకొన్నది. ఇది మంచి పునాది. కాని ఆ వైపున దొరికే వైద్యుడు కత్తి పట్టిన వైద్యుడే అయి ఉండనక్కరలేదు. లోపల ఏమి కోసినారో, ఏమి కుట్టినారో అతనికి తెలియదు. విడుదల చీటీ ఛాయాచిత్రం కూడా గాయపు బొమ్మతోపాటే పోవాలనటం ఇందుకే.

ఇక ఈ జిల్లాలో శస్త్రచికిత్స అయినవారు అంటే ఎవరు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణాలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగినవి. అంటే కుట్లతో ఇంటికి పోయేవారిలో పచ్చిబాలింతలు పెద్ద వర్గం. ఆసుపత్రి రిజిస్టరులో వ్రాసినది అత్తగారి ఊరు కావచ్చును; ఆమె పోయేది తల్లిగారింటికి. అత్తగారి ఊరి ఆశా కార్యకర్త ఆమెను వెదుకుతుంటుంది, తల్లిగారి ఊరి కార్యకర్తకు ఆమె సంగతి తెలియకపోవచ్చును. చిరునామా తప్పినా తప్పనిది ఫోను నంబరు ఒక్కటే. అదైనా ఎవరి నంబరు? భర్త నంబరు వ్రాయించి ఉంటే, అతడు దుబాయిలోనో మస్కటులోనో ఉండవచ్చును. నిజామాబాదు జిల్లానుండి గల్ఫుకు పోయినవారి కుటుంబాలు లెక్కకు మించి ఉన్నవి. దీనివలన ఒక మేలు కూడా జరిగినది. ఈ ఇండ్లలోని ఆడవారికి ఫోనులో ముఖం చూసి మాట్లాడటం ఎవరూ నేర్పనక్కరలేదు. ఏండ్ల తరబడి చేస్తున్న పనే. బాలింత తల్లి నంబరు ఒకటి, ఊరి కార్యకర్త నంబరు ఒకటి విడుదల రోజుననే చీటీమీద వ్రాసుకొంటే సగం పని అయినట్లే.

పొత్తికడుపు కింది గాయాన్ని ఫోనులో బొమ్మతీసి పంపటానికి ఆమె జంకటం సహజం. ఆ ఫోనును ఇంటిలో నలుగురు వాడుతారు. ముఖం పడకుండా, గాయం, దాని చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు చర్మం మాత్రమే తీయటం, పంపిన తరువాత ఫోనులోనుండి తుడిచివేయటం, వీలైతే ఎ.ఎన్.ఎం. చేతనే తీయించటం మంచిది. భాష సంగతి కూడా ఉన్నది. సాలూర వైపు మరాఠీ మాట్లాడే ఇండ్లున్నవి, బోధన్‌లో ఉర్దూ మాట్లాడేవారు చాలామంది. "మంట", "సలుపు", "పోటు" అనే మూడు మాటలను తెలుగు వైద్యుడు మూడు రకాల నొప్పులుగా గ్రహిస్తాడు. అవతలి మనిషికి ఆ మాటలు లేకపోతే, ఏ వేళ ఎక్కువ, నడిస్తే ఎక్కువా పడుకొంటే ఎక్కువా అని అడిగి తెలుసుకొనవలెను.

బొమ్మ తీసే పద్ధతి తరగతి గదిలో చేసి చూడదగినది. విద్యార్థి ముంజేతిమీద ఎర్రసిరాతో, అంచులు కొద్దిగా పలుచగా ఉండేటట్లు, మూడు సెంటీమీటర్ల మచ్చ వేయవలెను. దాని పక్కన ఒక రూపాయి నాణెం, ఒక తెల్లకాగితపు ముక్క ఉంచి తలుపు దగ్గరి పగటి వెలుతురులో ఒకటి, ట్యూబులైటు కింద ఒకటి, ఫోను దీపంతో ఒకటి బొమ్మలు తీయవలెను. మూడింటిలోను ఎరుపు మూడు విధాలుగా ఉంటుంది. ఫోను దీపంతో తీసినదానిలో పలుచని అంచు మాయం కావచ్చును. తెల్లకాగితం ఏ బొమ్మలో తెల్లగా పడినదో ఆ బొమ్మ రంగునే ఎక్కువగా నమ్మవలెను. తరువాత బొమ్మలో నాణెం వెడల్పు, మచ్చ వెడల్పు స్కేలుతో కొలిచి, నిష్పత్తి కట్టి మచ్చ అసలు కొలత రాబట్టి, మూడు సెంటీమీటర్లకు ఎంత దగ్గరగా వచ్చినదో చూడవచ్చును. వేర్వేరు సంవత్సరాల రూపాయి నాణేల వ్యాసం ఒకటి కాదు కనుక, వాడిన నాణేన్ని ముందుగా కొలిచి పెట్టుకొనవలెను.